జీతంలో తరుగు

వరహాలరావు నోట్లో మట్టి పడ! ఆ మనిషి చేసిన పనికి ఫల్గుణ దగ్గరున్న తిట్లన్నీ అయిపోయాయి. తెలుగు తిట్లు అయిపోయాయి, ఒడియా తిట్లు అయిపోయాయి, ఇంట్లో ముసలమ్మలు తిట్టుకునే కొండ తిట్లు కూడా అయిపోయాయి. అయినా కడుపు చల్లబడలేదు.

విశాఖపట్నంలో మెట్ల కింద గది ఒకటి అద్దెకి పట్టి, నర్సుల్ని దేశాలు దాటిస్తానని బోర్డు కట్టుకున్నాడు వరహాలరావు. ఫల్గుణ పెళ్ళాం సరళ, ఆస్పత్రిలో నర్సు, వాడి ఎదురుగా కుర్చీలో కూర్చుంది. పెళ్ళి కాయితం ఉందా అని అడిగాడట. లేదందట. లేకపోతే కానట్టే రాసుకుందామన్నాడట. అంతే. పన్నెండేళ్ళ కాపురం ఆ మూడు మాటల్లో తేలిపోయింది.

డుంబ్రిగుడ సంతకి నడిచెళ్ళేంత దూరంలో ఉన్న ఆ కొండ ఊళ్ళో పెళ్ళికి కాయితం ఎవరికుంది? పిల్ల తండ్రికి ఓలి ఇచ్చారు, మేకని కోశారు, డప్పు కొట్టారు, తెల్లారేదాకా ఆడారు. ఊరంతా చూసింది. చూసినవాళ్ళలో సగం మంది ఇంకా బతికే ఉన్నారు. అది చాలదన్నాడు వరహాలరావు.

సంగతి బయటపడ్డ దగ్గర్నుంచి ఆ ఇంట్లో వంట ఒకటే, భోజనాలు మూడు. సరళ పొయ్యి దగ్గర తింటుంది. ఫల్గుణ కళ్ళంలో తింటాడు. పదేళ్ళ వెన్నెల కంచం పట్టుకుని గుమ్మంలో కూర్చుంటుంది, అటు చూసి ఒక ముద్ద, ఇటు చూసి ఒక ముద్ద.

ఆ పొద్దున్న ఫల్గుణ కళ్ళంలో కాఫీ పళ్ళు తిరగేస్తున్నాడు. టార్పాలిన్ మీద నల్లబడ్డ పళ్ళు గలగలమంటున్నాయి. మోటారు సైకిలు చప్పుడైంది. తలెత్తలేదు. ఆ బండి ఎవరిదో తెలుసు.

సరళ తమ్ముడు కామేష్. ఆశ్రమ పాఠశాలలో మేస్టరు. ఫల్గుణ అయిదో తరగతితో బడికి దండం పెట్టి పశువుల వెంట పడ్డాడు. కామేష్ మాత్రం ఉన్న మెట్లన్నీ ఎక్కాడు. ఊరికే ఎక్కలేదు. వాడు విశాఖలో చదివినన్నాళ్ళూ వాడి హాస్టలు ఖర్చు ఈ కళ్ళంలోనే ఎండింది. ఆ మాట ఫల్గుణ ఏనాడూ పైకి అనలేదు. లోపల మాత్రం రోజూ అనుకుంటాడు.

“బావా, ఇలా రా. కూర్చో. ఒకసారి లెక్క చూసుకుందాం.”

“నీ లెక్క నువ్వు సూసుకో. నాకు పళ్ళు తిప్పాల. ఎండ పోతే బూజట్టెత్తాయి.”

“అయిదు నిమిషాలు బావా.”

“నీ అయిదు నిమిషాలు నాకు తెల్దేటి? పోయినేడు అయిదు నిమిషాలని సెప్పి, పై తోటలో టూరిస్టులకి డేరాలెయ్యొచ్చని పొద్దుగూకేదాకా సెప్పినావు.”

కామేష్ నవ్వి ఊరుకున్నాడు. పై తోట అంటే ఊట ఉన్న ముక్క. నడి వేసవిలో కూడా తడారదు. సిల్వర్ ఓక్ చెట్ల నిండా మిరియపు తీగలు పాకి ఉంటాయి. అక్కడ నిలబడితే కింద లోయంతా కనిపిస్తుంది. కామేష్ కన్ను మిరియాల మీద లేదు, ఆ కనిపించడం మీద ఉంది.

“ఇప్పుడు పై తోట మాట కాదు. అప్ప మాట. మస్కట్టా, జర్మనీయా, ఇవాళ తేల్చెయ్యాలి. రెండు చోట్లా ఉద్యోగం ఉంది. ఈ వారంలో ఏదో ఒకటి చెప్పకపోతే రెండూ పోతాయి.”

సరళ లోపల్నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. ఆస్పత్రికి సెలవు పెట్టింది. ఇంట్లో ఉన్నా జడ మాత్రం డ్యూటీకి వెళ్ళేటప్పటిలా బిగించి వేసుకుంది.

“మస్కట్‌లో జీతం మీద పన్ను లేదు.” కామేష్ బళ్ళో పిల్లలకి చెప్పినట్టు వేళ్ళు మడుస్తూ మొదలెట్టాడు. “ఎంతన్నారో అంతా చేతికి. గది వాళ్ళదే. జర్మనీలో జీతం ఎక్కువే, కానీ అంతా చేతికి రాదు. నూటికి ముప్పై అయిదు దాకా ముందే పట్టేసుకుంటారు.”

ఫల్గుణ చేతిలో కర్ర ఆగింది.

“ముప్పై అయిదా?”

“అటూ ఇటూగా.”

“ఓలమ్మో! సంతలో షావుకారు కూడా అంత తరుగు తియ్యడు కదరా. తేమంతాడు, మట్టంతాడు, గోనె బరువంతాడు, కాటా మీద బొటనేలు పెడతాడు. ఎంత సేసినా బస్తాకి నాలుగు కేజీలు. ఆడు దొంగని ఊరంతా అంతాది. మరీళ్ళనేటనాల?”

“వీళ్ళు దొంగలు కాదు, గవర్నమెంటు. పట్టుకున్నదంతా పన్నూ కాదు. వైద్యానికి కొంత, పింఛనుకి కొంత, పని పోతే కొన్నాళ్ళు తిండి పెట్టడానికి కొంత, ముసలితనంలో మంచాన పడితే చూసుకోడానికి కొంత.”

“మంచాన పడకముందే కట్టాలా?”

“ముందే.”

“మరి పడకపోతే?”

“పడనివాళ్ళ డబ్బు పడ్డవాళ్ళకి పోతుంది.”

ఫల్గుణ కర్ర మీద గడ్డం ఆనించాడు. ఊళ్ళో కోతలప్పుడు జ్వరమొచ్చి పడుకున్నవాడి మడి కూడా అందరూ కలిసి కోసి ఇస్తారు. అలాంటిదే కాబోలు. ఆ పూట విన్న మాటల్లో అతనికి నచ్చింది అదొక్కటే. నచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు.

“ఇంకోటి కూడా ఉంది,” అన్నాడు కామేష్, అక్క వైపు చూడకుండా. “మతం దగ్గర ఫలానా చర్చి అని రాస్తే చర్చి పన్ను కూడా పట్టుకుంటారట. అన్ని చర్చిలకీ కాదులే.”

“దేవుడికీ తరుగేనా?”

ఫల్గుణకి నవ్వొచ్చింది. ఈ గొడవ మొదలయ్యాక అదే మొదటి నవ్వు, అదీ ముక్కులోంచి వచ్చింది. సరళ కేసి తిరిగాడు.

“బాప్తీసం తీసుకోనేదని పన్నెండేళ్ళు నన్ను తిట్టినావు. ఇప్పుడు సూడు. నువ్వు కడతావు, నాను కట్టను.”

సరళ చెంగుతో మొహం తుడుచుకుంది. ఆమె గొంతులో కోపం కూడా లేదు.

“అప్పుడు బాప్తీసం తీసుకునుంటే చర్చిలో పెళ్ళయ్యేది. పాస్టరు గారు కాయితం ఇచ్చేవారు. ఆ వరహాలరావు అడిగినప్పుడు చూపించడానికి నా చేతిలో ఏదో ఒకటి ఉండేది.”

నవ్వు అక్కడే ఎండిపోయింది. ఫల్గుణ కర్రతో పళ్ళని ఒక పక్కకి తోశాడు. మళ్ళీ ఇవతలకి లాగాడు.

“మస్కట్‌కెల్లు,” అన్నాడు చివరికి. “తరుగు నేదు. రెండేళ్ళకి తిరిగొచ్చెత్తావు.”

“వచ్చి?”

“వచ్చేటి? ఇంట్లో ఉంటావు.”

“వచ్చి మళ్ళీ ఔట్‌సోర్సింగులో చేరాలి. ప్రతి మార్చికీ ఉంచుతారా, పీకుతారా అని గుమస్తా మొహం చూడాలి. నాలుగు నెలల జీతం ఒకసారి పడితే అదే పండగ. మస్కట్‌లో ఒళ్ళున్నన్నాళ్ళే జీతం, వెన్నెల అయ్యా. ఒళ్ళు పోయాక వాళ్ళెవరో నేనెవరో. రాత్రి డ్యూటీలకి నా నడుం ఇప్పటికే సగం పోయింది.”

“ఇక్కడ మనకేటి తక్కువ? బియ్యం ఇత్తన్నారు. ఆస్పత్రి కార్డుంది. యాభై దాటితే మనోళ్ళకి పింఛనుంది.”

“ఉంది. దానికి ఎన్నిసార్లు వేలిముద్ర పడక వెనక్కొచ్చిందో మీ అమ్మని అడుగుదామంటే ఆవిడే లేదు. జర్మనీలో నా జీతంలోంచి పట్టుకున్నదే నాకు తిరిగొస్తుంది. ఎవరికీ దండం పెట్టక్కర్లేదు.”

వాదనలో సరళది పైచెయ్యి అవుతోందని ఫల్గుణకి తెలుస్తూనే ఉంది. చదువుకున్నదాంతో వాదన, ఏట్లో ఎదురీత. కర్ర పక్కన పడేశాడు.

“సరే. కోసుకుంటే కోసుకోనీ. జెరమనీకే ఎల్లు. గుంటని నాను సూసుకుంతాను.”



కామేష్ ఫోను తీసి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. సరళ గడప చెక్క మీద గోటితో గీస్తోంది. మేస్టరు నోరు మూశాడంటే, నర్సు తల దించిందంటే, చెప్పాల్సిన మాట ఇంకా చెప్పలేదన్నమాట.

“ఏటి?” అన్నాడు ఫల్గుణ.

“పిల్ల అక్కడ తల్లి దగ్గరుంటే నెలనెలా పిల్ల కోసం డబ్బిస్తారు బావా. బడికి ఫీజు లేదు. పిల్ల వైద్యం తల్లి కట్టినదాంట్లోనే వచ్చేస్తుంది. ఇక్కడుంటే ఇందులో ఏదీ రాదు.”

“అంటే?”

“వెన్నెల కూడా వస్తుంది,” అంది సరళ.

ఫల్గుణ వంగి కర్ర తీసుకున్నాడు. ఒక కొస నుంచి ఇంకో కొస దాకా పళ్ళు తిరగేశాడు. తిరగేసినవే మళ్ళీ తిరగేశాడు. చేతులు తనవి కానట్టు, వాటి పని అవి చేసుకుపోతున్నట్టు ఉంది. అవతలి కొండ మీద ఎవరో చెట్టు నరుకుతుంటే గొడ్డలి పడ్డం ముందు కనిపిస్తుంది, చప్పుడు తర్వాతెప్పుడో వస్తుంది. ఆ మాట కూడా అలాగే, విన్న చాలాసేపటికి గాని అతనికి చేరలేదు.

*

మధ్యాహ్నం కామేష్ ఫోను కలిపి, మాట అందరికీ వినపడేలా గట్టు మీద పెట్టాడు.

“ఫల్గుణ గారూ, నమస్కారం సార్! మీ గురించి మేడమ్ చాలా చెప్పారు.” వరహాలరావు గొంతు నూనె రాసినట్టుంది.

“ఏటి సెప్పింది? నాను లేనని సెప్పింది గదా.”

అవతల చిన్న దగ్గు. “అది కాయితం వరకే సార్. ఇప్పుడు భర్త ఉన్నాడని దిద్దామనుకోండి, ఫైలు మొదటికొస్తుంది. మేడమ్ సీటు ఇంకొకరికి పోతుంది. పాప పుట్టిన సర్టిఫికెట్‌లో తండ్రిగా మీ పేరుంది కదా. అందుకని, మేం విడిపోయాం, పాప తల్లి దగ్గరుంటుంది, నాకు అభ్యంతరం లేదు అని మీ కులపెద్దల తీర్మానం ఒకటి కావాలి. దాని మీద సర్పంచి ముద్ర. మిగతాది నేను చూసుకుంటా.”

“మేం ఇడిపోనేదు కదా.”

“కాయితం మీదే సార్! ఏడాది పోయాక మేడమ్ సెలవు మీద వస్తారు. రిజిస్టరు పెళ్ళి చేసుకుంటారు. భర్తగా మీరూ ఎగిరిపోతారు. ఇంకో సంగతి. పని చెయ్యని భర్త ఇంట్లో ఉంటే అక్కడ పన్ను బాగా తగ్గుతుంది. మీరు వెళ్ళడం మేడమ్‌కి లాభం సార్!”

“పని సెయ్యనోణ్ణేటి నాను?”

“అక్కడ సార్. అక్కడ.”

ఫోను ఆగిపోయింది. ఫల్గుణ తన చేతులు చూసుకున్నాడు. పండు తొక్కల మరక గోళ్ళ చుట్టూ నల్లగా దిగిపోయి ఉంది. ఈ కొండ మీద ఆ చేతులు తవ్వని గుంత లేదు. ఆ దేశంలో అవి ఊరికే ఒళ్ళో పడుంటేనే ఖరీదట.

కామేష్ బండెక్కి వెళ్ళిపోయాడు. మొగుడూ పెళ్ళాం మిగిలారు.

“గుంటని తీసుకెల్లాలని ఎప్పుడనుకున్నావు?”

“ఎప్పుడో.”

“నాకు సెప్పాలనిపించనేదా?”

“చెబితే ఏం చేస్తావు? కళ్ళంలోకెళ్ళి పళ్ళు తిప్పుతావు.”

అతను ఆ పనే చెయ్యబోతున్నాడు. ఆగిపోయాడు.

“రెండేళ్ళ నుంచి డ్యూటీ దిగొచ్చి ఫోన్లో ఆ బాస నేర్చుకుంటన్నాను,” అంది సరళ. కోపం తగ్గితే ఆమెకి ఊరి మాట తిరిగొస్తుంది. “ఒక్క రోజైనా ఏటి నేర్సుకున్నావని అడిగినావా?”

“అడిగితే నాకర్తమౌద్దేటి?”

“అర్తం కాకపోయినా అడగొచ్చు.”

కోడి ఒకటి వచ్చి పళ్ళు కెలికింది. ఇద్దరిలో ఎవరూ అదిలించలేదు.

“ఏడాదయ్యాక వత్తావా?”

“వస్తాను.”

జవాబు వెంటనే వచ్చింది. కాస్త ఆలోచించుకుని వచ్చుంటే బాగుండేదనిపించింది ఫల్గుణకి.

“కాయితం మీదే గదా,” అన్నాడు.

“కాయితం మీదే.”

మర్నాటికి ఆ మాట ఊళ్ళో అందరి నోటా పడింది. ఫల్గుణ కూడా అడిగినవాడికీ అడగనివాడికీ అదే చెప్పాడు. చెప్పగా చెప్పగా దానికి రుచి పోయింది. నమిలి నమిలి ఉమ్మేసే చెరకు పిప్పిలా అయింది.

*

పై తోటలో ఆఖరి విడత కోత. వెన్నెల బుట్ట మెళ్ళో వేసుకుని కింది కొమ్మలు కోస్తోంది. కోస్తూ లెక్కపెడుతోంది.

“ఐన్స్, స్వై, ద్రై...”

“అదేటి గుంటా, ఏ బాస?”

“అమ్మ ఫోన్లో ఇని నేర్సీసుకున్నాను. ఒకటి, రెండు, మూడు.”

ఫల్గుణకి నవ్వు రావాలి. రాలేదు. రెండేళ్ళుగా ఒకే కప్పు కింద ఇద్దరు ఇంకో దేశం మాట నేర్చుకుంటున్నారు. అతను గురకపెట్టి పడుకున్నాడు.

“అయ్యా, అక్కడ సంతుంటదా?”

“ఉంటదేమో.”

“మరి ఊట?”

“మనుషులున్నారంటే నీళ్ళుంటాయి గదే.”

వెన్నెల ఇంకో కొమ్మ వంచింది. పచ్చి కాయలు వదిలి ఎర్రటివే తీసింది. ఆ పని అతనే నేర్పాడు, దానికి మాటలు కూడా సరిగ్గా రానప్పుడు.

“మీరు కాయితం మీద ఇడిపోతన్నారంట గదా?”

“ఊఁ.”

“మరి నాను కాయితం మీద ఎల్తానా, నిజంగా ఎల్తానా?”

ఫల్గుణ ఊట దగ్గరకి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. మరక పోదని తెలుసు. అయినా చాలాసేపు కడుక్కున్నాడు. తిరిగి వచ్చేసరికి పిల్ల ఇంకో చెట్టుకి పోయింది. జవాబు కోసం ఆగలేదు. పిల్లలు అడిగినవన్నీ జవాబు కోసం అడగరని సరిపెట్టుకున్నాడు.

*

పొద్దు వాలకుండానే ఊరి దేవుడు శంకుదేవుడి రాళ్ళ దగ్గర ఊరు కూడింది. ఊరిపెద్ద సోంబరు నడి రాయికి ఆనుకుని కూర్చున్నాడు. ముసలాడు. కళ్ళు మసకేశాయి గాని చెవులు పదును. కామేష్ తీర్మానం టైపు చేయించి తెచ్చాడు. నిలబడి చదివాడు. మేస్టరు గొంతు కదా, బాగానే చదివాడు.

సోంబరు చుట్ట పక్కన పెట్టాడు.

“బాగుందిరా మేస్టరూ. పుల్ల ఏదీ?”

“పుల్లెందుకు తాతా? నువ్వు వేలిముద్ర వేస్తే చాలు. ఇది కాయితం మీదే.”

“ఇరగని పుల్ల ఇరిగిందని ఏలు ఎయ్యమంతావా? ఈ ఏలు ఇంతవరకు అబద్దం మీద ఎయ్యనేదు. కాయితం మీ ఆఫీసుది, పుల్ల ఊరిది. ముందు ఊరికి సెప్పండి. ఆనక ఆఫీసుకి సెప్పుకోండి.”

ఆ ఊళ్ళో మొగుడూ పెళ్ళాం విడిపోతే, పెద్దల ముందు ఎండు పుల్ల చెరో కొసా పట్టుకుని విరుస్తారు. ఓలి ఇచ్చిననాడు కలిసినవాళ్ళు పుల్ల విరిగిననాడు వేరు. మధ్యలో కోర్టూ లేదు, ప్లీడరూ లేదు.

ఆడవాళ్ళ వైపు నుంచి సోములమ్మ గొంతు లేచింది. “ఏటి ఇడిపోడం? పొద్దున్న ఆడు అంబలి తాగిన గిన్నె అదే కడిగింది. నాను సూసినాను గదా!”

అందరూ నవ్వారు. ఇంకొకామె అందుకుంది. “పుల్లిరిగితే నిన్నెవుడు సేసుకుంతాడే సరళా? ఆ తెల్ల దేసపోడా?”

“సేసుకుంటే నువ్వు మేక తెత్తావా అప్పా?” అంది సరళ. మళ్ళీ నవ్వులు. కాసేపు అది నిజంగానే ఏదో ఆటలా ఉంది.

కామేష్ బావ చెవి దగ్గరకి వంగాడు. “ఒక్క పుల్ల బావా. ఫైలు రేపు వెళ్ళాలి.”

ఫల్గుణ ఆ ఊళ్ళోనే పుట్టాడు. తన మేనత్త పుల్ల విరిచిన నాడు పక్కనే నిలబడి చూశాడు. ఆ తర్వాత ఏం జరుగుతుందో తెలియనివాడు కాదు. కానీ కాయితం మీదే, కాయితం మీదే అని వినీ అనీ, పుల్ల కూడా కాయితమే అయిపోయింది అతనికి. తలూపాడు.

పుల్ల తెచ్చింది వెన్నెలే. ఎవరూ చెప్పకుండానే పరిగెత్తుకెళ్ళి, పై తోటలోంచి ఎండిన కాఫీ కొమ్మ ఒకటి తెచ్చి తండ్రి చేతికిచ్చింది.

ఒక కొస అతను పట్టుకున్నాడు. ఇంకో కొస సరళ పట్టుకుంది. వేళ్ళు తగల్లేదు. కొమ్మ బాగా ఎండింది. పెద్ద బలం అక్కర్లేకపోయింది. చప్పుడు కూడా అంతంతమాత్రమే.

సోంబరు వేలు సిరాలో ముంచి కాయితం మీద నొక్కాడు. కామేష్ అది ఆరేదాకా ఊది, మడత పెట్టుకున్నాడు. ఫల్గుణ పంచె దులుపుకుని లేచాడు.

“కూకో,” అన్నాడు సోంబరు. “సగమే అయింది.”

“ఇంకేటి తాతా?”

“పుల్లిరిగినాక పొయ్యి రెండు. పొయ్యి రెండైనాక తోట రెండు. నీ పోడు పట్టాలో ఇద్దరి పేరూ ఉంది కాదా?”

ఉంది. అడవి భూమికి హక్కు పత్రం ఇచ్చినప్పుడు ఆలుమగలు ఇద్దరూ రావాలన్నారు. ఇద్దరి పేరూ రాశారు. పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీసి అతికించారు. వాళ్ళిద్దరూ మొగుడూ పెళ్ళాం అని సర్కారు రాసిచ్చిన కాయితం అదొక్కటే. వరహాలరావు అడిగిన రోజున అది ఎవరికీ గుర్తు రాలేదు. సోంబరుకి ఇప్పుడు గుర్తొచ్చింది.

“తాతా, ఇది ఉత్తుత్తిదే గదా...”

“ఉత్తుత్తి పుల్ల నాకు తెల్దు. నీ అత్తకి దాని మొగుడి భూమి ఇలాగే పంచినాం. ఆ పూట నువ్విక్కడే ఉన్నావు. నీ ఇంటికొకటి, ఊరికొకటి ఉంటదేట్రా నాయం?”

ఇప్పుడెవరూ నవ్వడం లేదు. సోములమ్మ చెంగు నోట్లో కుక్కుకుంది.

“ఇయ్యాల్టి నుంచి సరళ నీ పొయ్యి కాడ కూకోదు. తమ్ముడింటికెల్తాది. మళ్ళీ కలవాలంటే మళ్ళీ ఓలి, మళ్ళీ ఊరికి కూడు. ఇక తోట. గుంట తల్లితో ఎల్తంది. పిల్ల ఎటెల్తే ముందు కోరుకునే మాట అటు.” ముసలాడు మసక కళ్ళతో సరళ ఉన్న వైపు తిరిగాడు. “సెప్పమ్మా. పై ముక్కా, కింది ముక్కా? ఒద్దంటే ఒద్దను. తోటంతా ఆడికే ఉండిపోతాది.”

ఫల్గుణ సరళ మొహం చూశాడు. ఒద్దు. ఆ ఒక్క మాట. అంటుంది. ఎందుకనదు? ఏడాదిలో వచ్చే మనిషికి తోటెందుకు? కాయితం మీద వెళ్ళే మనిషికి నిజం తోటెందుకు?

కామేష్ ఫోనులోకి చూస్తున్నాడు. ఆ ఫోను వెలగడం లేదు.

సరళ మాత్రం ఎవరినీ చూడలేదు. వెన్నెల కేసి చూసింది. పిల్ల విరిగిన రెండు ముక్కల్నీ ఏరి, కొస కొసా ఆనించి, అతుకుతాయేమో చూస్తోంది.

“పై తోట,” అంది సరళ.



“గుంట పేరున,” అంది మళ్ళీ, నేల చూస్తూ. “నేను లేనప్పుడు తమ్ముడు చూసుకుంటాడు.”

“సరళా,” అన్నాడు ఫల్గుణ.  ఆమె తలెత్తలేదు.

చీకటి పడేలోగా కొలవాలన్నాడు సోంబరు. తాడు తెచ్చారు. ఒక కొస పట్టుకోమని ఫల్గుణకే ఇచ్చారు, ఇంకో కొస కామేష్ పట్టుకున్నాడు. మిరియపు తీగల మధ్య నుంచి, ఊట ఇవతలి గట్టు మీదుగా తాడు సాగింది. కొలత అయిన చోట హద్దు రాయి పాతారు. ఫల్గుణే పాతాడు. గుంత తవ్వడం అతనికంటే బాగా ఎవరికీ రాదు.

నూటికి ముప్పై అయిదు తరుగంటే ఓలమ్మో అని గోల పెట్టాడు మొన్న. ఇవాళ గొంతు లేవలేదు.

కింద దారిలో మోటారు సైకిలు కదిలింది. వెనక సరళ, ముందు ట్యాంకు మీద వెన్నెల. పిల్ల ఏదో లెక్కపెడుతోంది. ఏ భాషలోనో ఇంత దూరానికి వినపడలేదు. సరళ వెనక్కి తిరిగి చూసిందో లేదో మలుపులో తెలియలేదు.

ఫల్గుణ రాయి పక్కనే కూర్చుండిపోయాడు. పట్టా మొత్తం రెండెకరాల ఎనభై సెంట్లు. అందులో ఊటతో, మిరియపు తీగలతో, లోయ కనిపించే గట్టుతో సహా ఆ పూట అతని చేతిలోంచి పోయింది ఎకరా నలభై సెంట్లు.